పాలు తూర్పుకే పొంగిన ఊరు

సోమవారం

అప్పగింత ఇంజనీరు రోజూ కొంతైనా రాసి తీరాలని ఒప్పందంలో ఉంది కాబట్టి రాస్తున్నాను. ఇది ఎవరు చదువుతారో నాకు తెలియదు. ఇంతకుముందు ఇంకో ఊరిని అప్పగించినాయన రాసిన దినచర్య తెప్పించుకుని చూశాను. అందులో సగానికి సగం క్యాంటీన్ సాంబారు మీద ఫిర్యాదులే. నేను సాంబారు జోలికి వెళ్లను. నా పేరు వకుళ. బోడికొండ కడుపు తొలిచి కట్టిన ఈ చలువూరును వచ్చే సోమవారం నివాస మండలి చేతిలో పెట్టి, నడుముకున్న తాళాలగుత్తి దించుకుని, ఒక వారం కంటినిండా నిద్రపోవాలని నా కోరిక.

మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. కట్టినవాళ్లే ముందు కాపురం ఉండాలి. కాంట్రాక్టరు, ఇంజనీర్లు, మేస్త్రీలు, వాళ్ల ఇంటివాళ్లు అందరూ కిందికి దిగి తలా ఒక ఇంట్లో వండుకుని తిని, స్నానాలు చేసి, పడుకుని చూడాలి. దీన్ని తొలికాపురం అంటాం. తాళాలు మండలి చేతికి వెళ్లే నిమిషం వరకూ గోడ పగిలినా కుళాయి కారినా మా మెడకే. వెళ్లాక వాళ్ల మెడకు. పంచ్ లిస్టులో మిగిలిన చిల్లర పనులన్నీ తీరితే తప్ప ఆ తాళాలు కదలవు. అందుకే ఈ వారం రోజులూ మేము పెళ్లాం బిడ్డల మొహం కన్నా ఆ లిస్టు మొహమే ఎక్కువ చూస్తాం. నాకు పెళ్లాం బిడ్డలు లేరు కాబట్టి నేను అదొక్కటే చూస్తాను.

కాపురానికి మా వాళ్లందరూ తూర్పు వరస ఇళ్లనే ఏరుకున్నారు. పైనుంచి వెలుగు గొట్టాలు నేరుగా దిగేది ఆ వరసలోనే. పగలంతా గదుల్లో నిజమైన ఎండ వెలుగు ఉంటుంది, వేడి ఉండదు. పడమటి వరసలో దీపాలే దిక్కు. ఊరివాళ్లు వచ్చాక మనకు ఈ యోగం ఎలాగూ ఉండదు కదా అని నేనూ తూర్పునే తీసుకున్నాను.

ఈ ఉదయం అన్ని ఇళ్లలో పాలు పొంగించారు. కొండ కింద దిక్కు తెలియదని ప్రతి వంటగదిలోనూ తూర్పు గోడకు పసుపు రంగు వేయించాం. మా ఇంట్లో పాలు పసుపు గోడ వైపే పొంగాయి. పక్కింట్లోనూ అంతే, ఎదురింట్లోనూ అంతే. కాంట్రాక్టరు కోదండపాణి గారు ఇంటింటికీ తిరిగి చూసి వచ్చారు. గోదావరి వైపు మనిషి, ముహూర్తాల పిచ్చి. ఇన్నేళ్ల అనుభవంలో ఒక్క ఇల్లూ తప్పకుండా తూర్పుకే పొంగడం తానెక్కడా చూడలేదని అందరికీ పూతరేకులు పంచారు. నాకు శకునాల మీద నమ్మకం లేదు. అయినా ఒక పూతరేకు ఎక్కువే తిన్నాను.

నాకు మాత్రం ఈ ఊరితో ఇంకో పని ఉంది. నా చెల్లెలు హైమ కొండ మీది నిరీక్షణ శిబిరంలో, డేరాలో ఉంది. ఇప్పుడు ఎనిమిదో నెల. పైన పొద్దున టిఫిన్ వేళకే ఎండ మనుషుల్ని పడేస్తోంది. కిందికి దిగే మొదటి జట్టులో దానికీ మా మరిదికీ తూర్పు వరసలో ఇల్లు వచ్చింది. చీటీలో వచ్చిందే, నేను చెయ్యి పెట్టలేదు. ఎవరైనా అడుగుతారేమోనని ఇక్కడ రాసి పెడుతున్నాను.

మంగళవారం

హైమకు వచ్చిన ఇంట్లో పడకగది తలుపు గడప దగ్గర పట్టేస్తోంది. చూపుబండి ఎర్ర చుక్క పెట్టింది. చూపుబండి అంటే పిల్లి అంత మర, రోజంతా సందుల్లో తిరుగుతూ ఎక్కడ ఏ లోపం కనిపించినా గోడ మీద ఎర్ర చుక్క వేసి లిస్టుకెక్కిస్తుంది. పని అయ్యాక మళ్లీ వచ్చి చూసి పచ్చ చుక్కగా మారుస్తుంది. దానికి మొహమాటం లేదు, లంచం లేదు, టీ అలవాటు లేదు. నాకు నచ్చిన సహోద్యోగి అదొక్కటే.

చివరి మెరుగుల జట్టుకు మేస్త్రీ ఓబులేసు. ఈ కొండ పక్క ఊరివాడే. పొద్దున పడిన ఎర్ర చుక్క మధ్యాహ్నం భోజనం బెల్లు కొట్టే లోపల పచ్చగా మారాలన్నది అతని పట్టుదల. తలుపును చిత్రిక పట్టి, బందులకు నూనె వేసి, గోడలో సన్నని పగుళ్లుంటే లప్పం పెట్టి, పైన రంగు కొట్టి, పాత గోడో కొత్త గోడో తెలియకుండా చేస్తాడు. ఇంత పనితనం ఉన్న జట్టు నాకు ఎప్పుడూ దొరకలేదు. లిస్టు ఎండలో పెట్టిన ఐసుముక్కలా కరిగిపోతోంది.

అయితే హైమ ఇంటి తలుపును చిత్రిక పట్టడం ఇది మూడోసారి. అడిగితే తేమకు చెక్క ఉబ్బుతోందన్నాడు. ఆ తలుపులో చెక్క లేదు, అరటినార పలక. ఉబ్బదని రాసిచ్చి మరీ అమ్మారు. అమ్మినవాళ్లకు కడిగిపారేస్తూ ఒక ఉత్తరం పంపాను. పంపాక మనసు తేలికపడింది.

బుధవారం

నివాస మండలి తరఫున జహీరా మేడమ్ వచ్చారు. అప్పగింతలో తాళాలు అందుకోవలసింది ఆవిడే. ఊరంతా తిప్పి చూపించాను. మధ్య మంటపం, పడమటి వరస, తూర్పు వరస, నీళ్ల గది. గోడల్లో బిగించిన కదలిక మీటర్లు ప్రతి ఒక్కటీ వంగి చూశారు. రాయి ఏ మాత్రం జరిగినా చెప్పేవి అవే. అప్పగింత నాడు మీటర్లన్నీ సున్నాలో ఉండాలని ఒప్పందంలో ఉంది. అన్నీ సున్నాలోనే ఉన్నాయి. ఇంత నిలకడైన కొండను తాను చూడలేదని ఆవిడ మెచ్చుకుంటే, కొండను నేనే కన్నట్టు పొంగిపోయాను.

మంటపంలో కూర్చున్నాక పైన సంగతి చెప్పారు. శిబిరంలో నిన్న ఇద్దరు వడదెబ్బకు పోయారు. ఒకామె బాలింత. ఆ మాట విన్నాక చేతిలో టీ పక్కన పెట్టేశాను. ఊరు ఇంత సిద్ధంగా ఉన్నప్పుడు సోమవారం దాకా ఆగడం దేనికి, శనివారమే తీసుకుంటాం అన్నారు మేడమ్. నేను వెంటనే సరేనన్నాను. కోదండపాణి గారైతే పంచాంగం తెరిచి, శనివారం ఉదయం ఇంకా మంచిదని తేల్చేశారు.

హైమకు ఫోన్ చేసి చెప్పాను. వెలుగు గొట్టం పడకగదిలోకే దిగుతుందా అని అడిగింది. దిగుతుందన్నాను. అయితే ఉయ్యాల అక్కడే కట్టిస్తానంది.

గురువారం

జరిగింది జరిగినట్టు రాయడానికి ప్రయత్నిస్తాను.

హైమ ఇంటి తలుపు మళ్లీ పట్టేసిందని చుక్క పడితే, ఈసారి దగ్గరుండి చేయిద్దామని వెళ్లాను. పడకగదిలో ఓబులేసు ముక్కాలిపీట ఎక్కి, గోడ అతుకు మీద ఏదో అంటిస్తున్నాడు. వేలెడు పొడవు పట్టీ. రెండు చివర్లా సిమెంటు ముద్దలు. ఏమిటది అని అడిగాను.

“గాజు ముక్క మేడమ్. నాసిరకం. ఎన్నితూర్లు మార్చినా పగుల్తాంది. అందుకే మొన్నటి నుంచి రెండు వరసల్లోనూ ప్లాస్టికే వేస్తాండాం. ఇంగ పగలదు.”

గర్వంగానే చెప్పాడు. గోడ పట్టుకుని నిలబడ్డాను, వెంటనే ఆ గోడనే పట్టుకున్నానని గుర్తొచ్చి చెయ్యి తీసేశాను.

అవి సాక్షి గాజులు. కొండ తొలిచిన రాతి జట్టు తమ పని ముగించుకుని వెళ్లిపోయే ముందు గోడల అతుకుల మీద అంటించిపోయింది. గాజు వంగదు, సాగదు. గోడ వెంట్రుకవాసి కదిలినా పగులుతుంది. పగలడమే దాని ఉద్యోగం. చూపుబండికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. దానికి పగిలిన గాజంటే పగిలిన గాజే. ఎర్ర చుక్క వేసింది. ఓబులేసు మార్చాడు. పచ్చ చుక్క పడింది. కిటికీ అద్దాలు, దీపం బుడ్లు, ఇవీ అన్నీ కలిపి లిస్టులో గాజు పనులు అని ఒకే వరసగా నా దగ్గరికొచ్చాయి. చూపుబండిని మెచ్చుకుంటూ సంతకాలు పెట్టాను.

పరుగెత్తుకుంటూ సందులోని మీటరు దగ్గరికి పోయాను. సున్నా. పక్క సందులోనూ సున్నా. దేవుడా అనుకుని ఊపిరి పీల్చుకున్నాను. రాయి కదిలితే మీటరుకు తెలియకుండా ఉంటుందా? గాజులు నిజంగానే నాసిరకమేమో. నా వెనకే వచ్చిన ఓబులేసును, ఈ మీటర్లు ఎప్పుడూ సున్నాలోనే ఉంటాయి కదా అని అడిగాను. అతను కాదనకుండా ఉంటే చాలనుకున్నాను.

“ఉండవు మేడమ్. పొద్దున లేస్తానే మావాళ్లు తిరిగి అన్నిటినీ సున్నాకు తిప్పుతారు. సున్నాలో లేకుంటే ఎర్ర చుక్కే గదా పడేది.”

అక్కడే సందులో గచ్చు మీద కూలబడ్డాను. అతను నీళ్లు తెచ్చిచ్చాడు. తాను చెప్పిన దాంట్లో తప్పేముందో అతనికి తెలియలేదు. తెలియజెప్పవలసినదాన్ని నేను. లిస్టు కరిగిపోతోందని మురిసిపోతూ కూర్చున్నదాన్నీ నేనే.

తలుపు ఉబ్బలేదు, ద్వారబంధం వాలింది. పగుళ్లు లప్పంతో పోలేదు, లప్పం కింద పెరుగుతున్నాయి. ఈ ఊరు ఎక్కడ నొప్పి పెడుతోందో చూపించిన ప్రతిచోటా మేము రంగు కొట్టి, పచ్చ చుక్క పెట్టించి, పక్కకు వెళ్లిపోయాం. లోపం సరిచేశామనుకున్నాం. కొండ చెప్పే మాటను చెప్పినచోటే తుడిచేస్తూ వచ్చాం.

ఇంటికొచ్చాను. వంటగదిలో పసుపు గోడ ఎదురుగా కనిపించింది. అప్పుడు తట్టింది. రసమట్టం తెచ్చి గచ్చు మీద పెట్టాను. నెల కిందట ఇదే గచ్చు మీద ఇదే రసమట్టం పెట్టి, బుడగ నట్టనడుమ నిలబడితే ఫొటో తీయించుకున్నాను. ఇప్పుడు బుడగ నిలవలేదు. పడమటి చివరకు పోయి అంటుకుంది. ఇంటి నేల తూర్పుకు దిగిపోతోంది.

పాలు అన్ని ఇళ్లలోనూ తూర్పుకు ఎందుకు పొంగాయో ఇప్పుడు అర్థమైంది. తిన్న పూతరేకులు గుర్తొచ్చాయి.

శుక్రవారం

పొద్దున్నే కోదండపాణి గారింటికి వెళ్లాను. ఆయన భార్య తాయారమ్మ గారు పొయ్యి మీద పాలు పెట్టి ఉన్నారు. నేను చెప్పినదంతా ఆయన నిలబడే విన్నారు, మధ్యలో ఒక్క మాట అడ్డు రాలేదు. రసమట్టం నా చేతిలోంచి తీసుకుని స్వయంగా నేల మీద పెట్టారు. బుడగ పోయినవైపు చూశారు. ఈలోగా పొయ్యి మీద పాలు పొంగి, పసుపు గోడ వైపు కారాయి. ఎవరూ లేచి మంట ఆర్పలేదు.

“అన్నిళ్లలోనూ తూర్పుకు పొంగాయని ఊరంతా పూతరేకులు పంచాను కదమ్మా” అన్నారాయన.

నేను వెళ్లి మంట ఆర్పాను.

జహీరా మేడమ్‌కు కబురు పెడితే వెంటనే వచ్చారు. ముందు నమ్మలేదు, తర్వాత కోపం వచ్చింది. ఆ కోపంలో న్యాయం ఉంది. మీ సున్నాలు చూసే తేదీ ముందుకు జరిపాను, రేపు పొద్దున కిందికి దిగుతున్నామని శిబిరంలో చెప్పేశాను, డేరాలు విప్పడం మొదలైంది, ఇప్పుడు ఆగమంటే ఆ ఎండలో ఎన్నాళ్లు ఆపమంటారు అని నిలదీశారు. కొండ మీద చావు ఖాయం, కొండ కింద చావు అనుమానం, ఏది ఎంచుకోమంటారు అన్నారు. చివరికి గొంతు తగ్గించి, లిస్టు మూసే ఉంది కదా, రేపు సంతకాలైతే బాధ్యత మండలిది, ఏం జరిగినా మీ కాంట్రాక్టరుకు అంటదు, ఆలోచించుకోండి అన్నారు.

నేను కోదండపాణి గారి వైపు చూశాను. నిజం రాయాలి కదా, నాకు భయమేసింది. కాంట్రాక్టరు ఎవరైనా జీవితమంతా ఎదురుచూసే మాట అది. ఒక్క సంతకంతో మెడమీది బరువు ఇంకొకరి మెడకు మారిపోతుంది. నా చెల్లెలు కూడా రేపే ఎండలోంచి బయటపడుతుంది. ఆ క్షణంలో ఆ ఆలోచన నాకూ వచ్చింది. వెంటనే ఆ పడకగదిలో ఉయ్యాల కళ్ల ముందు కదిలింది.

“లిస్టు తెరవండమ్మాయ్” అన్నారు ఆయన. “మూసినవన్నీ తెరవండి. ఒక్క రోజు ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు. ఈ ఊరు ఏం చెప్పదలుచుకుందో చెప్పనివ్వండి.”

మా వృత్తిలో మూసిన పనిని తిరిగి తెరవడమంటే నలుగురిలో ముక్కు కోయించుకున్నట్టే. లిస్టు తెరిచేసరికి నా చేతి పలక మీద పచ్చవన్నీ ఒక్కసారిగా ఎర్రబడ్డాయి. నెల రోజుల పని కళ్ల ముందే వెనక్కి నడిచింది. జహీరా మేడమ్ ఒక్క రోజు గడువిచ్చి, శిబిరానికి సర్దిచెప్పడానికి పైకి వెళ్లారు.

ఓబులేసుకు సంగతి చెప్పాను. మొదట అర్థం కాలేదు, అర్థమయ్యాక నా మొహం చూడలేకపోయాడు. నా చేత్తోనే మార్చినా మేడమ్ అని ఒకటే మాట. సంతకాలు నావి అని చెప్పినా వినలేదు. అతనూ అతని మనుషులూ సాయంత్రానికల్లా రెండు వరసల్లోనూ ప్లాస్టిక్ ముక్కలు పీకి, ప్రతి అతుకు మీదా కొత్త గాజు అంటించారు. మీటర్ల తాళాలు నేను తీసుకున్నాను. చూపుబండిని పట్టుకుని నా బీరువాలో పెట్టి తాళం వేశాను. లోపలినుంచి కాసేపు గీరుతూనే ఉంది.

శనివారం

తెల్లవారుతూనే తాయారమ్మ గారి కేకలతో మెలకువ వచ్చింది. వాళ్ల వీధి తలుపు బిగుసుకుపోయింది. లోపల మొగుడూ పెళ్లాం. ఇన్నాళ్లూ పొద్దున్నే ఎవరో ఒకరు వచ్చి చిత్రిక పట్టిపోతున్న తలుపు అది. ఓబులేసు గునపంతో ద్వారబంధాన్ని పెకలించాక కోదండపాణి గారు ఆ ఖాళీలోంచి పక్కకు తిరిగి, పొట్ట బిగబట్టుకుని బయటికి వచ్చారు. దేన్నీ ముట్టుకోవద్దని ఆయన ఇచ్చిన ఆజ్ఞే ఆయన్ని గదిలో పెట్టి బిగించింది. నాకు నవ్వు వచ్చింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది.

ఆ తర్వాత ఇంటింటికీ తిరిగాం. జహీరా మేడమ్ నా పక్కనే నడిచారు. తూర్పు వరసలో మొదటి ఇంట్లో గాజు పగిలి ఉంది. రెండో ఇంట్లో పగిలి ఉంది. మూడో ఇంట్లో పగిలి, ముక్క కింద పడి ఉంది. హైమ ఇంట్లో గాజు ఎటు పోయిందో కూడా కనిపించలేదు. అతుకులో నా వేలు దూరింది. మీటర్లు చూస్తే ఏ ఒక్కదాని ముల్లూ సున్నా దగ్గర లేదు. ఒక్క రాత్రిలోనే ఇంత. ఇన్నాళ్లూ ఎంత కదిలిందో ఇక ఎవరికీ తెలియదు. ఆ లెక్కను రోజూ పొద్దున్నే మేమే చెరిపేశాం.

మధ్య మంటపం దాటి పడమటి వరసలోకి వచ్చాం. మొదటి ఇంట్లో గాజు నిక్షేపంగా ఉంది. రెండో ఇంట్లోనూ ఉంది. వరస చివరిదాకా వెళ్లాం. ఒక్కటీ పగల్లేదు. వెలుగు లేదని మేమెవ్వరం కన్నెత్తి చూడని ఇళ్లు అవి.

జహీరా మేడమ్ చేతిలో పగిలిన గాజు ముక్క ఒకటి ఉంది, ఎప్పుడు తీసుకున్నారో. వేలు కోసుకుని రక్తం వస్తున్నా చూసుకోలేదు.

“నిన్న మీరు ఊఁ అని ఉంటే ఈపాటికి తాళాలు తీసేసుకునేదాన్ని” అన్నారు.

మధ్యాహ్నానికల్లా తీర్మానం అయింది. తూర్పు వరస ఖాళీ. పడమటి వరసలో ఇంటికి రెండేసి కుటుంబాలు, ఇరుకైనా సరే. తాళాలు మండలికి వెళ్లవు. తూర్పు సంగతి తేలేదాకా ఊరు కాంట్రాక్టరు పూచీలోనే ఉంటుంది, కట్టినవాళ్లం ఎవ్వరం ఊరు వదలం. కోదండపాణి గారు మంటపంలో అందరి ముందూ ఆ మాట చెప్పి, పడమటి వరసలో నీళ్ల గది పక్కన అన్నిటికన్నా చిన్న ఇల్లు తనకు రాయమన్నారు. తూర్పు ఇళ్లలో ఉన్న మా సామాను ఓబులేసు జట్టు మోసింది. పొయ్యిల మీద గిన్నెలు, గోడకు తగిలించిన పటాలు అన్నీ వచ్చేశాయి. చివరి మనిషి బయటికొచ్చాక మంటపం దగ్గర ఇనుప తలుపు దించి, తాళం వేసి, లాగి చూసుకున్నాను.

ఆదివారం

పొద్దు వాలగానే మొదటి జట్టు దిగింది. మెట్ల మీద నుంచి వస్తూనే చల్లగాలి తగిలి కొందరు అక్కడే కూర్చుండిపోయారు. హైమ మా మరిది భుజం పట్టుకుని మెల్లగా దిగింది. మొహమంతా ఎండకు కమిలిపోయింది. దాన్ని పడమటి వరసలో నాకొచ్చిన ఇంటికే తీసుకెళ్లాను. దీపాల వెలుగు చూసి మూతి ముడిచింది.

“తూర్పు వరస అంటివే అక్కా. పడకగదిలోకే ఎండ వస్తాదని డేరాలో అందరికీ చెప్పుకున్యా.”

ముందు అన్నం తిను, తర్వాత చెబుతానన్నాను. కంచాల ముందు కూర్చున్నాం. పప్పు వడ్డిస్తున్నాను. అప్పుడు వినిపించింది. ముందు గోదాములో ధాన్యం బస్తాలు దొర్లుతున్నట్టు, దూరంగా. తర్వాత కాళ్ల కింద నేల ఒక్కసారి ఎగిరిపడింది. గరిటె నా చేతిలోంచి జారిపోయింది. దీపాలు ఆరి మళ్లీ వెలిగాయి. హైమ పొట్ట మీద రెండు చేతులూ వేసుకుని నన్నే చూస్తోంది, కళ్లు ఆర్పకుండా.

ముందు గోడ అతుకు మీది గాజు చూశాను. పగల్లేదు. అప్పుడు పరుగెత్తాను.

మంటపం నిండా దుమ్ము. ఇనుప తలుపు మా వైపుకు వంగి ఉబ్బింది. దాని పక్క చీలికలోంచి ఓబులేసు టార్చి వేశాడు. తూర్పు వరస లేదు. ఇళ్లు లేవు, సందు లేదు. పైకప్పు రాయి వరస పొడవునా కిందికి దిగి కూర్చుంది. అంత రాతి మధ్య ఒక తలుపు పలక మాత్రం బయటికి విసిరేసినట్టు పడి ఉంది. అడుగు అంచు చిత్రిక దెబ్బలకు సన్నగా అరిగిపోయి ఉంది. ఓబులేసు గుర్తుపట్టాడు, నేనూ గుర్తుపట్టాను.

లోపల ఎవరూ లేరు. ఆ మాట నాకు నేనే పైకి చెప్పుకున్నాను. కోదండపాణి గారు వచ్చి మనుషుల్ని పేరుపేరునా పిలిచి, అందరి చేతా పలికించి, చివరికి తాయారమ్మ గారిని కూడా పేరుపెట్టి పిలిచారు. ఆవిడ ఆయన పక్కనే నిలబడి ఉన్నారు.

వెనక నుంచి హైమ వచ్చి నా చీర కొంగు పట్టుకుంది. రావద్దని ఎంత చెప్పినా వినే రకం కాదు. “మా ఇల్లు యాడ ఉండె?” అని అడిగింది. టార్చి వెలుగు పడుతున్న చోటు చూపించాను. అక్కడే నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత ఎండ గురించి మళ్లీ మాట్లాడలేదు.

సోమవారం

ఊళ్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. పడమటి వరస గాజులన్నీ రాత్రే తిరిగి చూశాం, ఒక్కటీ పగల్లేదు. పొద్దున్నే ఒక్కొక్కరే మా ఇంటి ముందుకు చేరారు. కొత్తగా దిగినవాళ్లకు పాలు పొంగించుకోవాలని ఉంది, పొయ్యి వెలిగించడానికి ఎవరికీ ధైర్యం లేదు. ముందు మీ ఇంట్లో పొంగించండి, మేము చూస్తాం అన్నారు.

లిస్టులో ఇప్పుడు గాజుల కాపలా ఒక్కటే మిగిలి ఉంది, దాన్ని నేను ఎప్పటికీ మూయను. పగిలిన గాజును ఎవరూ తీయకూడదు, పాతది పాతగానే ఉంచి పక్కన కొత్తది అంటించాలి. ఓబులేసు రోజూ గోడలన్నీ తిరిగి చూస్తాడు. చూపుబండిని బీరువాలోంచి తీయలేదు.

వంటగదిలో పట్టినంతమంది పట్టారు, మిగిలినవాళ్లు కిటికీ దగ్గర, గుమ్మం దగ్గర నిలబడ్డారు. హైమ పొయ్యి వెలిగించి గిన్నె పెట్టింది. జహీరా మేడమ్ వేలికి కట్టుతో నా పక్కనే ఉన్నారు. కోదండపాణి గారు అందరికన్నా ముందు నిలబడి, పసుపు గోడ వైపు చూడకుండా గిన్నెనే చూస్తున్నారు. పాలు మెల్లగా లేచాయి. అంచు దాకా వచ్చి ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. చిన్నప్పటి నుంచీ ఎక్కడ పాలు పొంగించినా తూర్పుకు పోవాలనే మొక్కుకున్నాం అందరం. ఆ గదిలో ఈ ఉదయం ఒక్కరూ ఆ మొక్కు మొక్కలేదు.

పాలు చుట్టూ ఒకేలా పొంగి, అన్ని వైపులా సమంగా కారాయి. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హైమ నా మొహంలోకి చూసింది.

“తూర్పుకు పోలేదే అక్కా. మంచిదేనా?”

నేను నోరు తెరిచేలోపే కోదండపాణి గారు మంచిదేనమ్మా అన్నారు. అనేసి, రెండు చేతులూ ఎత్తి ఆ గిన్నెకు దండం పెట్టి, అందరి ముందూ వెక్కి వెక్కి ఏడ్చారు. నేను మంట తగ్గించి, పొయ్యి చుట్టూ పడిన పాలు తుడవడం మొదలుపెట్టాను.